స్ప్రింగు మీద ఎర్ర చుక్క

మార్చి 2

బోర్డు ఎక్కింది. పసుపు మీద నల్ల అక్షరాలు. "తండ్రీ కూతుళ్ళు, ఫ్యాన్ క్లచ్ రిపేర్లు." పదిహేనేళ్ళుగా ఈ కొట్లో పని బల్ల దగ్గర కూర్చుంటున్నాను, ఇవాళ్టికి గోడెక్కాను. నాన్న కింద నిచ్చెన పట్టుకుని "కాస్త కుడికి, ఇంకాస్త" అంటూ పెయింటరు ప్రాణం తీశాడు.

పక్క కొట్లోంచి రేడియేటర్ బాబాయ్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని బోర్డు రెండుసార్లు చదివాడు.

"ఇద్దర్నీ రాశావు, బానే ఉంది. పనిలో పొరపాటొస్తే మేం ఎవర్ని తిట్టాలిరా?"

"నన్నే తిట్టండి. అలవాటైన ప్రాణం" అన్నాడు నాన్న.

వీధిలో అందరూ ఆయన్ని చల్లనయ్య అంటారు. కోపం రాదు. వస్తే ఎలా ఉంటుందో నాకే తెలియదు.

మార్చి 5

కొత్త డ్రైవరు ఒకడొచ్చి గుమ్మంలోనే ఆగాడు. "పెద్దాయన లేరా?" ఈ ప్రశ్న విని విని నా చెవులు తుప్పు పట్టాయి. నేనున్నానంటే "పర్లేదు, వచ్చాక వస్తా" అంటారు. నాన్న లోపలి నుంచి వచ్చి ఎప్పటి పాటే అందుకున్నాడు.

"ఇంజను ముందు ఫ్యాన్ ఉంటుందా, అది అస్తమానం గట్టిగా తిరగక్కర్లేదు బాబూ. ఇదిగో, ఈ చుట్టల స్ప్రింగు చూడు. రెండు రకాల లోహం అతికించిన పట్టీ. వేడి తగిలితే మెలి తిరిగి లోపల చిన్న తలుపు తీస్తుంది. తేనెలాంటి నూనె వచ్చి ఫ్యాన్‌ని పట్టుకుంటుంది. చల్లబడిందా, తలుపు మూసేసి ఫ్యాన్‌ని వదిలేస్తుంది. పిలవకుండా రాదు, పనయ్యాక ఉండదు. ఇలాంటి చుట్టం ఎక్కడైనా దొరుకుతాడా?"

ఆ తర్వాత క్లచ్ నా చేతిలో పెట్టి "మా అమ్మాయే చేస్తుంది" అన్నాడు. చేశాను. వేడినీళ్ళ గిన్నెలో ముంచి, స్ప్రింగు సరైన వైపు తిరిగిందని వాడికి చూపించాను. నీళ్ళలో ముంచకుండా మా కొట్లోంచి ఏ క్లచ్చూ గడప దాటదు. చివర్న స్ప్రింగు కొస మీద నా ఎర్ర చుక్క. గోళ్ళ రంగు. నేను బిగించాననడానికి గుర్తు. నాన్నకి ఇలాంటివేం అక్కర్లేదు, కంటి గుర్తు చాలంటాడు. "లారీలక్కూడా గోళ్ళ రంగేస్తున్నావా?" అని బాబాయ్ వెక్కిరింపు.

మార్చి 8

సాయంత్రం బావ తన లారీ క్లచ్ తెచ్చాడు. స్ప్రింగంతా తుప్పు. నాన్నే విప్పి కిరసనాయిల్లో వేశాడు. పన్ను నొప్పి, ఒక చేత్తో దవడ పట్టుకునే పని చేశాడు. "పొద్దున్నకల్లా ఇచ్చేస్తాను అల్లుడూ, నాదీ పూచీ" అన్నాడు. బావ వెళ్ళాక కూడా కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. పన్ను పోటు ఎక్కువై లేచాడు.

మార్చి 9

నాన్న పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. బావ క్లచ్ నేనే బిగించాను, చుక్క పెట్టాను. నీళ్ళ గిన్నె స్టవ్ మీద పెట్టి బల్ల మీద తల ఆనించాను. ఎండ కిటికీలోంచి మెడ మీద పడుతోంది, హాయిగా ఉంది. ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. భలే కల వచ్చింది. కొట్టు నిండా తేనె రంగు నూనె, మోకాళ్ళ దాకా. అందులో నడుస్తున్నాను. అడుగు తీస్తే వదలదు, అలాగని భయమూ లేదు. ఎక్కడో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా.

బావ హారన్ కొట్టి లేపాడు. నీళ్ళు సగానికి మరిగిపోయి ఉన్నాయి. సరుకు ఆలస్యమవుతోందని కంగారు పెట్టాడు. ఇచ్చి పంపాను.

నాన్న మూతిలో దూదితో వచ్చి చేత్తో సైగ చేసి అడిగాడు, ఇచ్చేశావా అని. తల ఊపాను.

మార్చి 12

ఎక్కుడు దారిలో బావ లారీ ఇంజను కాగిపోయింది. ఆపి, తొందరపడి రేడియేటర్ మూత తీశాడట. మరుగుతున్న నీళ్ళు ఎగదన్నాయి. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. అక్క ఫోన్లో ఏడుస్తూనే తిడుతోంది, ఎవర్ని తిడుతోందో దానికే తెలియదు.

మార్చి 13

ఆసుపత్రి. బావ చెయ్యి తెల్లటి గుడ్డలో దిండంత ఉంది. నన్ను చూసి నవ్వబోయాడు.

"పొద్దున బయల్దేరినప్పుడు ఫ్యాన్ భలే మోగిందే. మామయ్య పనితనమే పనితనం అనుకున్నా. ఎక్కుడు మొదలయ్యాక చప్పుడే లేదు."

చల్లగా ఉన్నప్పుడు పట్టుకుని, వేడెక్కాక వదిలేసిందన్న మాట. అలా ఎందుకు చేస్తుందో ఈ వీధిలో ఇద్దరికే తెలుసు. రెండు నెలలు బండి తోలకూడదన్నాడు డాక్టరు. ఇంజను సంగతి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. విప్పిన క్లచ్‌ని గోనె సంచిలో చుట్టి నా చేతికిచ్చారు. ఇంటి దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చల్లగా ఉంది.

మార్చి 14

విప్పాను. స్ప్రింగు తిరగేసి ఉంది. శుభ్రం చేశాను.

నాన్న నా వెనక నుంచి చూశాడు. "తిరగబడిందా?" అన్నాడు. అవునన్నాను. స్టూలు మీద కూర్చుని చాలాసేపు దాని వంకే చూశాడు.

"ఆ సాయంత్రం నేనే పెట్టేశానా అమ్మాయీ? పన్ను నొప్పిలో?"

టీ పెట్టడానికి లేచాను.

మార్చి 15

అక్క కొట్టుకే వచ్చింది. దానికి నిప్పుల కుంపటి అని నేను చిన్నప్పుడు పెట్టిన పేరు ఊరికే పోలేదు. చెప్పులు కూడా విడవకుండా మొదలుపెట్టింది.

"ఎన్నిసార్లు చెప్పాను నాన్నా? కళ్ళు కనపడవు, చేతులు వణుకుతాయి, అయినా బల్ల వదలవు. ఇవాళ ఆయన చెయ్యి. రేపు ఎవరి ప్రాణమో."

"నాకు గుర్తు లేదమ్మా" అన్నాడు నాన్న. ఎదురు చెప్పి ఉంటే బాగుండేది.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వైనా చూసుకోవద్దా? అంతా నీ చేతుల మీద పెట్టుకోవద్దా ఇక?"

నేను తల ఊపాను. ఎందుకు ఊపానో. అంతలో బాబాయ్ గుమ్మంలో నిలబడి, ఎన్నడూ లేనిది, వెక్కిరించకుండా "పోనీలేరా, వయసు" అన్నాడు. ఆ మాటకి నాన్న బల్ల మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ చేతులు వణకవు. అక్క కళ్ళకి వణికినట్టు కనిపించాయి, అంతే.

మార్చి 16

నాన్నే అయ్యుండాలి. ఆ సాయంత్రం ఆయన చేతిలోనే ఉంది కదా.

మార్చి 19

నాన్న కొట్టుకి రావడం మానేశాడు. నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుంటే మంచిదే. ఈ ఎండలకి అదే మేలు.

పని ఎక్కువగానే ఉంది. విచిత్రం ఏమిటంటే "పెద్దాయన లేరా" అని ఒక్కరూ అడగడం లేదు. ఇవాళ ఒక బస్సు డ్రైవరు "మీరే చేస్తున్నారు కదా, ఇక భయం లేదు" అన్నాడు. పదిహేనేళ్ళు ఎదురుచూసిన మాట. విని ఏం చెయ్యాలో తెలియక గిన్నెలో నీళ్ళు మార్చాను.

మార్చి 21

కల. నాన్న ముందు నడుస్తున్నాడు, నేను ఆయన చెయ్యి పట్టుకుని వెనకాల. దారి ఎక్కుడు. ఎక్కేకొద్దీ ఎండ. ఎండ పెరిగేకొద్దీ నా వేళ్ళు ఒక్కొక్కటే వదులవుతున్నాయి. ఆయన వెనక్కి తిరిగి చూడడు. చుట్టూ అంతా లేత పసుపు, దూది ఎగురుతోంది. ఎంత బాగుందో ఆ చోటు. మెలకువ వచ్చాక పిడికిలి బిగించి ఉంది.

మార్చి 24

నాన్న గ్యాస్ కట్టేశాడో లేదో మూడుసార్లు లేచి చూశాడు. తాళం వేసి నాలుగుసార్లు లాగాడు. స్నానానికి నీళ్ళు తోడి "ఇవి ఎక్కువ వేడిగా ఉన్నాయా, చూడమ్మా" అని నన్ను పిలిచాడు. మోచెయ్యి ముంచి ఇంత వేడని చెప్పేసే మనిషి, థర్మామీటరు కొంటే నవ్విన మనిషి.

"సరిపోయాయి నాన్నా" అన్నాను.

"సరిపోయాయంటావా" అని మళ్ళీ అడిగాడు.

వయసు. బాబాయ్ అన్నట్టు వయసే.

మార్చి 26

వయసే.

మార్చి 28

పొద్దున వంటింట్లో నాన్న కొళాయి ముందు నిలబడి ఉన్నాడు, ఖాళీ గ్లాసుతో. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. నన్ను చూసి సిగ్గుపడుతూ నవ్వాడు.

"ఇది ఎటు తిప్పాలి అమ్మాయీ? నేను తిప్పితే తప్పవుతుందేమోనని."

ముప్ఫై ఏళ్ళ నుంచి ఉన్న కొళాయి. ఆయనే బిగించిన కొళాయి. నేను తిప్పాను. నీళ్ళు గ్లాసు నిండి చేతి మీద నుంచి పోతున్నా కట్టలేదు.

ఆయనకి ఏ జబ్బూ లేదు. నేను అంటించాను.

మార్చి 29

రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ?

ఆ రోజు నీళ్ళలో ముంచలేదు. నిద్ర లేచి, కలలోంచి పూర్తిగా బయటికి రాకుండానే, హారన్ వినపడి ఇచ్చేశాను. లారీ వెళ్ళిపోయాక గుర్తొచ్చింది, బావకి ఫోన్ చేసి ఆపవచ్చు. ఏం కాదులే, పదిహేనేళ్ళ చెయ్యి అనుకున్నాను.

పధ్నాలుగో తారీఖున విప్పినప్పుడు తిరగేసిన స్ప్రింగు కొస మీద ఎర్ర చుక్క ఉంది. ఎండ పడి మెరుస్తోంది. నాన్న గదిలోంచి వస్తున్న అడుగుల చప్పుడు వింటూ, గోళ్ళ రంగు తీసే మందు దూది మీద పోసి తుడిచేశాను. "శుభ్రం చేశాను" అని రాసింది అదే.

ఎందుకంటే బోర్డు ఎక్కి పన్నెండు రోజులే అయింది. ఆడదాని చేతి పని, చూశారా అంటారు. ముసలాయన పొరపాటంటే అయ్యో అంటారు, అంతే కదా అనుకున్నాను. అయ్యో అనిపించుకున్న మనిషి ఏమవుతాడో ఆలోచించలేదు. నన్ను చూస్తే నాకే రోత.

మార్చి 30

చెప్పేశాను. నాన్న మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు లెక్క చూసుకుంటున్నాడు, పై నుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి.

"బావ క్లచ్ బిగించింది నేను నాన్నా. నువ్వు కాదు."

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. "తెలుసమ్మా, నీ మనసు."

"మనసు కాదు నాన్నా, నిజం. నీళ్ళలో ముంచలేదు నేను."

"నువ్వు ముంచకుండా పంపుతావా? నేను నేర్పిన పిల్లవి. నేనైతే మర్చిపోయుంటాను. చుక్క ఏదీ మరి? నువ్వు బిగిస్తే చుక్క ఉండాలి కదా. నేనూ చూశాను, లేదు."

"తుడిచేశాను."

"ముసలాణ్ణి ఓదార్చడానికి ఎంత కథ అల్లుతున్నావే" అని నవ్వాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. నా మీద ఎంత నమ్మకమో. అంత నమ్మకాన్ని నేను ఎక్కడ పెట్టుకోవాలి?

మార్చి 31

బావతో చెప్పాను, అక్క ముందే. కట్టు కొంచెం చిన్నదైంది.

"మామయ్యని వెనకేసుకొస్తున్నావు, మంచిదే" అన్నాడు బావ. "నాకాయన మీద కోపం లేదు. ఆ సాయంత్రం ఆయన చేతిలో చూశాను కదా నేనే."

అక్క మాత్రం ఏదో అనబోయి ఆగింది. "చెయ్యని తప్పు నెత్తినేసుకోకు. రేపు నీ దగ్గరికి ఎవడు వస్తాడు?" అంది.

చూడు, ఎంత తేలికో. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, జీవితాంతం మంచి కూతుర్ని. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ దూదితో తుడిచి పారేసి వచ్చాను.

ఏప్రిల్ 1

కొట్టు తెరవలేదు.

ఏప్రిల్ 2

పొద్దున ఈ నోటుబుక్కు మొదటి నుంచి తిరగేశాను. మార్చి 9 దగ్గర ఆగిపోయాను. "బావ క్లచ్ నేనే బిగించాను, చుక్క పెట్టాను." నా చేతి రాత, ఆ రోజు సిరా. ప్రమాదం ఇంకా జరగలేదు, ఓదార్చాల్సిన అవసరం ఇంకా ఎవరికీ లేదు.

ఇది ఎవరూ చదవకూడదని రాసుకున్న పుస్తకం. ఇందులో నాన్నని వయసు అన్నాను, నాన్నే అన్నాను. ఆయన వణకని చేతుల గురించి రాసీ, వణుకుతాయన్న అక్క మాటకి తల ఊపానని రాశాను. అన్నీ చదువుతాడు. చదవనీ.

నాన్నా, ఇక్కడి దాకా చదువు. ఏ పేజీ దాటెయ్యకు.

ఏప్రిల్ 4

నిన్న పొద్దున ఇచ్చాను. భూతద్దం పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. నేను వంటింట్లో నిలబడ్డాను. పేజీ తిప్పిన చప్పుడు వస్తే ఒకటి, ఇంకొకటి అనుకుంటూ. చాలాసేపు ఒక పేజీ దగ్గర చప్పుడు లేదు. తొంగి చూస్తే నోట్లో నాలుకతో ఏదో తడుముకుంటున్నాడు. పన్ను ఊడిన ఖాళీ.

తర్వాత లేచి అలమరలో వెతికాడు. పళ్ళ డాక్టరు ఇచ్చిన చీటీ తీశాడు. దాని మీద తేదీ చూశాడు, నోటుబుక్కులో చూశాడు. మళ్ళీ కూర్చుని చివరిదాకా చదివాడు.

నన్ను పిలవలేదు. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇరవై రోజులు" అన్నాడు.

ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

"ఇరవై రోజుల నుంచి నా చేతులు నావి కావనుకుంటున్నాను. గ్లాసు పట్టుకోవాలంటే భయం. నా తల చెడిపోతోందని, నీకు భారమైపోతానని, పొద్దున లేస్తే ముందు నీ పేరు గుర్తుందా లేదా అని చూసుకుంటున్నాను. నువ్వు పక్కన నిలబడి సరిపోయాయి నాన్నా అంటున్నావు. స్ప్రింగు తిరగేశావు, సరే. నేనూ తిరగేశాను, నీ వయసులో, రెండుసార్లు. చుక్క తుడుస్తావా?"

చేతికందిన గ్లాసు విసిరేశాడు. స్టీలు గ్లాసు, గోడకి తగిలి దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. చల్లనయ్య మొహం ఎర్రగా కందిపోయింది. నేను ఏడుస్తున్నాను, కానీ రాయకుండా ఉండలేను, లోపల ఎక్కడో ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళకి చూశాను ఆ మనిషిని.

గ్లాసు తనే తీసి, కొళాయి తిప్పి, కడిగి, నీళ్ళు తాగాడు. ఎటు తిప్పాలని అడగలేదు.

"పద అక్క దగ్గరికి" అన్నాడు.

అక్క, బావ, పాపం నాకోసం కాఫీ కూడా పెట్టారు. నాన్న నోటుబుక్కు నా చేతికిచ్చి "తొమ్మిదో తారీఖు. తర్వాత ఇరవై తొమ్మిది. గట్టిగా" అన్నాడు. చదివాను. బావ తన కట్టు వంక చూసుకుంటూ విన్నాడు. "నాకు ముందే చెప్పుంటే ఇంత బాధ ఉండేది కాదు మరదలా, చేతి బాధ కాదు నేననేది" అన్నాడు. అక్క నాతో ఇంకా మాట్లాడలేదు. నాన్న దగ్గరికి వెళ్ళి కూర్చుని ఆయన చేతులు తన ఒళ్ళోకి తీసుకుంది. నాతో ఎన్నాళ్ళు మాట్లాడదో తెలియదు.

ఇవాళ పొద్దున నాన్న నాకంటే ముందే కొట్టు తెరిచాడు. రేడియేటర్ బాబాయ్‌ని పిలిచి, నేనున్నానని కూడా చూడకుండా మొత్తం చెప్పాడు. బాబాయ్ బోర్డు వంక చూశాడు.

"అమ్మాయిని తీయించేస్తావా?"

"తీయించేదేముంది? ఎవర్ని తిట్టాలో అడిగావుగా. దీన్ని తిట్టు."

బాబాయ్‌ తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. రేపటికి వీధంతా తెలుస్తుంది. బస్సు డ్రైవరు మళ్ళీ రాకపోవచ్చు.

మధ్యాహ్నం నాన్న ఒక క్లచ్ తీసుకున్నాడు. స్ప్రింగు వేలి మీద ఆడించి, గాడిలో పెట్టి, బిగించాడు. గిన్నెలో మోచెయ్యి ముంచి, ఇంకాస్త కాగాలన్నాడు. కాగాక ముంచాడు. ఇద్దరం వంగి చూశాం. ఆవిరిలో ఆయన మొహం సరిగా కనపడలేదు. స్ప్రింగు మెల్లగా, నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు, సరైన వైపు తిరిగింది.

నాతో పొద్దుటి నుంచి ఒక్క మాట లేదు. అప్పుడు చెయ్యి చాపాడు.

"ఆ రంగు సీసా ఇటివ్వు."

ఇచ్చాను. స్ప్రింగు కొస మీద చుక్క పెట్టాడు. అలవాటు లేని పని, సగం చుక్క ఆయన బొటనవేలి మీద పడింది.

దూది తీసుకుని "తుడవనా?" అన్నాను.

"వద్దు, ఉండనీ" అన్నాడు.